విండో బిగుసుకుపోనివ్వకు అమ్మడూ

అమ్మడూ,

అక్క ఫోన్ చేసి చెప్పింది, ఫొటోల ఫోల్డర్లన్నీ వెతికి డూప్లికేట్లు ఏరి తీసేసే డెస్క్‌టాప్ అప్లికేషన్ నువ్వే సొంతంగా రాస్తున్నావంట, పైథాన్‌లో, విండోలూ బటన్లూ గీసిపెట్టే క్యూట్ (Qt) లైబ్రరీ మీద, త్వరలో తెలిసినవాళ్ళందరికీ ఇస్తావంట. ఎంత సంబరమేసిందో చెప్పలేను. కానీ "తీసేసే" అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. జనాల ఫొటోలే అవి, మళ్ళీ తీసుకోలేరు. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నా.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తా. బటన్ క్లిక్ ఫంక్షన్‌లో పెద్ద పని పెట్టకు, విండోకి అడ్డం రాకుండా పక్కన విడిగా నడిచే వర్కర్ థ్రెడ్‌కి ఇవ్వు. ఆ థ్రెడ్ లోంచి లేబుల్‌ని, ప్రోగ్రెస్ బార్‌ని ముట్టుకోకు, సిగ్నల్ (ఒక థ్రెడ్ నుంచి ఇంకోదానికి కబురు) పంపు, మిగతాది విండోని నడిపే మెయిన్ థ్రెడ్ చూసుకుంటుంది. పని మొదలవగానే స్టార్ట్ బటన్ డిసేబుల్ చెయ్యి.

విండో బిగుసుకుపోతే చూడ్డానికి బాగోదు, అంతేగా అనుకోకు. విండోస్‌లో ఒక ప్రోగ్రాం 5 సెకన్లు సిస్టమ్ పంపే మెసేజ్‌లు (క్లిక్కులు, కీలు లాంటివి) తీసుకోకపోతే చాలు, విండో పాలిపోయి పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడుతుంది. లోపల నీ పని చక్కగా నడుస్తూ ఉండొచ్చు, కానీ చూసేవాళ్ళకి అది చచ్చిపోయినట్టే, టాస్క్ మేనేజర్ తెరిచి చంపేస్తారు. సరిగ్గా ఫైల్ రాస్తున్నప్పుడే చంపుతారు. నా భయం అదే.

ఇంకోటి, ప్రాసెస్‌ఈవెంట్స్ అని ఒక ఫంక్షన్ కనిపిస్తుంది నీకు. దాని జోలికి పోకు. ఎందుకో చెప్తా విను. చాలా ఏళ్ళ కింద నేను పనిచేసిన చోట ఖాతాలు రాసుకునే ప్రోగ్రాం ఒకటుండేది, సేవ్ చేస్తుంటే విండో కదిలేది కాదు. మాలో ఒకతను, మంచి పనిమంతుడే, లూప్ మధ్యలో ఈ ప్రాసెస్‌ఈవెంట్స్ ఒక్క లైను పెట్టాడు. అంతే, బార్ కదిలింది, విండో కదిలింది, అందరం శభాష్ అన్నాం. థ్రెడ్లు లేవు, తలనొప్పి లేదు. కానీ ఆ లైను స్క్రీన్ గీయడంతో ఆగదు కదే, క్యూలో ఉన్న క్లిక్కులన్నీ అక్కడే నడిపించేస్తుంది. ఎవరో సేవ్ రెండుసార్లు నొక్కారు, మొదటి సేవ్ సగంలో ఉండగా దాని కడుపులోనే రెండో సేవ్ మొదలైంది, అది అయ్యేదాకా మొదటిది ఆగి తర్వాత తన పాత లెక్కతో మిగతా సగం రాసింది. అదైనా దొరికింది, బటన్ డిసేబుల్ చేశాం. ఒకావిడ మాత్రం సేవ్ మధ్యలో పైనున్న ఇంటూ గుర్తు నొక్కింది. విండో మాయమైంది, లూప్ మాత్రం లోపల తిరుగుతూనే ఉంది. మూసేశాననుకుని ఆవిడ మళ్ళీ తెరిచింది. రెండు ప్రోగ్రాంలు ఒకే ఫైల్ మీద రాశాయి. ఏళ్ళ తరబడి చేత్తో ఎక్కించుకున్న ఖాతాలు తల్లీ అవి. ఫోన్ తీసింది నేనే. ఆవిడ అరవలేదు, "ఏదో దారుంటుంది కదమ్మా" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. దారి లేదు.

అందుకని విండో మూయబోతే నడిచే క్లోజ్‌ఈవెంట్ ఫంక్షన్ తప్పకుండా రాయి. పని నడుస్తుంటే మూయడం ఒప్పుకోకు, 'ఆపుతున్నాను' అని చూపించి వర్కర్‌ని ఆగమను, అది అయిపోయానని సిగ్నల్ పంపాక అప్పుడు మూయి. అక్కడ వర్కర్ ఆగేదాకా మెయిన్ థ్రెడ్‌ని నిలబెట్టే వెయిట్ అని పెట్టావంటే మళ్ళీ అదే విండో బిగుసుకుపోతుంది, చూసుకో. క్యాన్సిల్ కూడా ఇంతే, ఒక్కో ఫొటో అయ్యాక 'ఆగమన్నారా' అని వర్కరే చూసుకోవాలి. థ్రెడ్‌ని బలవంతంగా చంపే టెర్మినేట్ వాడావని తెలిస్తే ఊరుకోను, లాక్ (ఒకేసారి ఇద్దరు ఒకదాన్ని ముట్టుకోకుండా వేసే తాళం) పట్టుకున్న థ్రెడ్‌ని చంపితే ఆ లాక్ అలాగే ఉండిపోతుంది, మిగతా ప్రోగ్రాం దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ప్రతి ఫొటోకీ సిగ్నల్ పంపకు, వేల సిగ్నళ్ళు క్యూలో పడితే థ్రెడ్ పెట్టి కూడా విండో ఈడుస్తుంది. సెకనుకి పది చాలు, కంటికి అంతకన్నా అక్కర్లేదు. పోలికల లెక్కలు మొత్తం పైథాన్‌లోనే రాశావా? అయితే జిల్ (GIL, పైథాన్ లోపలుండే తాళం) వల్ల ఒకసారికి ఒక థ్రెడ్డే నడుస్తుంది, విండో కుదుపులు కుదుపులుగా కదులుతుంది, అప్పుడు ఆ లెక్కల్ని వేరే ప్రాసెస్‌కి పంపెయ్.

డిలీట్ మాత్రం నేరుగా చెయ్యకు బంగారం, ట్రాష్‌కి పంపు, క్యూట్ 5.15 నుంచి దానికి మూవ్‌టుట్రాష్ ఉంది. లిస్ట్ సేవ్ చేసేటప్పుడు అదే ఫోల్డర్‌లో టెంపరరీ ఫైల్‌గా రాసి, పూర్తయ్యాకే అసలు పేరుకి మార్చు, మధ్యలో ఎవరు చంపినా పాతదైనా మిగుల్తుంది.

నీ ఫాస్ట్ మెషీన్‌లో చిన్న ఫోల్డర్ పెట్టి బాగుందనుకోకు. నెమ్మదిగా ఉండే నెట్‌వర్క్ డ్రైవ్ మీద పెద్ద ఫోల్డర్ పెట్టు, నడుస్తుండగా కావాలనే మూయి, మళ్ళీ తెరువు, రెండుసార్లు నొక్కు, టాస్క్ మేనేజర్‌తో నువ్వే చంపు. ఏమైందో రాసి పంపు, ఆ క్లోజ్‌ఈవెంట్ కోడ్ కూడా పంపు, ఎవరికైనా ఇచ్చే ముందు నేనోసారి చూడాలి.

మీ పిన్ని