సౌత్ జార్జియా కోసం అంత ఖర్చు పెట్టవచ్చా? పెట్టండి, గ్రిట్వికెన్‌కు ఒక పూట పూర్తిగా కేటాయించండి

మీ ప్రశ్న ఇది: అంటార్కిటికా ఓడ యాత్రల్లో ఒకటి నేరుగా ద్వీపకల్పానికి వెళ్లి వస్తుంది, మరొకటి ఫాక్లాండ్ దీవులు, దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవి మీదుగా వెళ్తుంది. రెండోదానికి డబ్బూ, రోజులూ బాగా ఎక్కువ. పెంగ్విన్లు ఎటు వెళ్లినా కనిపిస్తాయి కదా, గ్రిట్వికెన్‌లో తుప్పు పట్టిన పాత తిమింగల వేట కర్మాగారం చూడడానికి అంత ఖర్చు అవసరమా అని అడిగారు. నేను రెండో దారిలోనే వెళ్లి వచ్చాను. డబ్బు సర్దుబాటయితే సౌత్ జార్జియాను వదులుకోకండి. ఆ తుప్పు పట్టిన కర్మాగారాన్ని మాత్రం దారిలో తగిలే చిన్న మజిలీగా లెక్కకట్టకండి. తీరాల మీద మీరు చూసే జంతువుల కథ సగం అక్కడే ఉంది.

సౌత్ జార్జియా ఫాక్లాండ్ నుంచి తూర్పు ఆగ్నేయంగా సుమారు 1,400 కిలోమీటర్ల దూరం. విమానాశ్రయం లేదు, ఓడ ఒక్కటే దిక్కు. ఆ రెండు రోజుల ప్రయాణంలో సముద్రం ప్రశాంతంగా ఉంటుందని అనుకోవద్దు. దీవి 160 కిలోమీటర్లకు పైగా పొడవున, సన్నగా ఉంటుంది. నడుమ వెన్నెముకలా పర్వతశ్రేణి, అందులో పేజెట్ శిఖరం ఎత్తు 2,900 మీటర్ల పైమాటే. దీవిలో సగానికి మించి మంచే. చెట్టు ఒక్కటీ లేదు. తీరం వెంట నడుము ఎత్తు పెరిగే టస్సాక్ గడ్డి దుబ్బులు, వాటి మధ్య బురద, ఆ బురదలో సీళ్లు. చుట్టూ ఉన్న చల్లని సముద్రంలో క్రిల్ అనే చిన్న రొయ్యల వంటి జీవులు అపారంగా ఉంటాయి. ఈ దీవిలో బతికే ప్రాణుల్లో అధిక భాగానికి నేరుగానో, చేపల రూపంలోనో అవే ఆధారం.

సెయింట్ ఆండ్రూస్ బే గురించి ముందు చెప్పాలి. అక్కడ సుమారు లక్షన్నర జంటల కింగ్ పెంగ్విన్లు గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి. ఒడ్డుకు చేరకముందే వాసన వస్తుంది, ఆ తర్వాత చప్పుడు. ఫోటోల్లో అంతా ఒక్క మూకలా కనిపిస్తుంది గాని, దగ్గర నిలబడి ఒక్కదాన్నే చూస్తూ ఉండండి. వేట నుంచి వచ్చిన తల్లి గుంపు అంచున ఆగి, మెడ నిటారుగా చాచి, బాకా ఊదినట్టు అరుస్తుంది. వేల గొంతుల నడుమ దాని పిల్ల ఎక్కడి నుంచో ఈల వేసి బదులిస్తుంది. గోధుమరంగు నూగుతో ఆ పిల్ల తల్లికంటే లావుగా కనిపిస్తుంది. మధ్యలో దారికి అడ్డొచ్చిన ప్రతి పెంగ్విన్ చేతా రెక్కదెబ్బ తింటూ వస్తుంది. ఒక్క పిల్లను పెంచడానికి ఏడాదికి పైగా పడుతుంది కాబట్టి, ఒక జంట మూడేళ్లలో రెండు పిల్లలకు మించి పెంచలేదు. అంత నెమ్మదిగా పెరిగే జనాభా అన్ని వేలకు చేరిందంటే, మనిషి వాటి జోలికి పోకుండా ఎన్ని దశాబ్దాలు గడిచి ఉండాలో ఆలోచించండి.

ఎందుకంటే ఈ తీరాలన్నీ ఒకప్పుడు ఖాళీ అయ్యాయి. 1775లో కెప్టెన్ జేమ్స్ కుక్ ఇక్కడ దిగి, దట్టమైన బొచ్చుతోలు ఉండే ఫర్ సీళ్లు విస్తారంగా ఉన్నాయని రాశాడు. ఆ మాట చాలు, వేటగాళ్లు ఓడలు కట్టుకొని వచ్చారు. 1800-01 వేట కాలంలో ఆస్పేషియా అనే అమెరికన్ ఓడ ఒక్కటే 57,000 తోళ్లు పట్టుకుపోయింది. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఫర్ సీల్ కనిపించడమే గగనమైంది. నూనె కోసం ఏనుగు సీళ్లను చంపడం అయితే 1964 దాకా సాగింది.

తిమింగలాల వంతు 1904లో వచ్చింది. ఆ ఏడాది నవంబరులో నార్వే కెప్టెన్ కార్ల్ ఆంటన్ లార్సెన్, బ్యూనస్ ఎయిరెస్ పెట్టుబడితో గ్రిట్వికెన్‌లో కర్మాగారం పెట్టాడు. మొదట్లో హంప్‌బ్యాక్ తిమింగలాలు పక్కనున్న కంబర్లాండ్ బే లోపలే దొరికేవి, సముద్రంలోకి పోవలసిన పనే ఉండేది కాదు. అవి అయిపోయాక నీలి తిమింగలాలు, ఫిన్ తిమింగలాలు. అవీ తగ్గాక వాటికంటే చిన్నవైన సేయ్ తిమింగలాలు. లీత్ హార్బర్, హుస్విక్, స్ట్రామ్నెస్ వంటి కేంద్రాలన్నీ కలిపి 1965 దాకా ఈ దీవిలో 1,75,000కు పైగా తిమింగలాలను కోశాయి. గ్రిట్వికెన్ 1966లో మూతపడింది. ఎవరికో జాలి కలిగి మూసేశారని పొరబడవద్దు. పట్టడానికి లాభసాటిగా తిమింగలాలు మిగలలేదు, అంతే.

నేను చక్కెర కర్మాగారంలో బాయిలర్ల విభాగంలో పనిచేసినవాణ్ణి. అందుకే గ్రిట్వికెన్‌లో నా కాళ్లు వెంటనే యంత్రాల వైపు నడిచాయి. గోడలు, కప్పులు చాలావరకు తీసేయడంతో యంత్రాలన్నీ ఆరుబయట నిలబడి ఉన్నాయి. మీరు నడిచే తోవ పక్కనే ఒక విశాలమైన బల్లపరుపు నేల ఉంటుంది. ఆవిరి వించీలతో, అంటే తాళ్లు చుట్టి బరువులు లాగే యంత్రాలతో, తిమింగలాన్ని నీటి నుంచి అక్కడికి లాగి, పొడవాటి పిడి ఉన్న కత్తులతో చర్మం కింది కొవ్వును పట్టీలుగా ఒలిచేవారు. కొవ్వు ఒక వైపు, మాంసం ఒక వైపు, ఎముకలు ఒక వైపు, వేర్వేరు కుక్కర్లలోకి. రివెట్లు కొట్టిన ఆ ఇనుప పాత్రల పక్కన మనిషి పిల్లవాడిలా కనిపిస్తాడు. మూతల చుట్టూ బిగింపు బోల్టులు ఇంకా ఉన్నాయి, ఆవిరి గొట్టాల అంచులూ ఉన్నాయి. ఏ గొట్టం ఎక్కడ నుంచి వచ్చి ఎందులోకి పోతుందో నేను వేలితో చూపించగలిగాను. ఆవిరితో ఉడికించడం, నూనె వేరు చేయడం, వడకట్టడం, ట్యాంకుల్లోకి పంపడం. ఇంజనీరుగా చెప్తున్నాను, చాలా తెలివైన అమరిక. ఆ తెలివి దేనికి పనికొచ్చిందో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. నూనె సబ్బుకు, మార్జరిన్‌కు పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అందులోని గ్లిజరిన్ పేలుడు పదార్థాలకు పోయింది. ఎముకలు, మాంసం ఎరువుగా, పశువుల దాణాగా మారాయి. తొలి ఏళ్లలో అయితే కొవ్వు ఒలుచుకొని మిగతా కళేబరాన్ని నీళ్లలో వదిలేసేవారు.

ఒడ్డున పెట్రెల్ అనే వేట ఓడ ఉంది, 1928 నాటిది. దాన్ని తప్పకుండా దగ్గరికి వెళ్లి చూడండి. ముక్కు మీద తిమింగలం మీదికి తాడు కట్టిన ఈటెను పేల్చే హార్పూన్ తుపాకీ, కెప్టెన్ నిలబడే చోటు నుంచి తుపాకీ దాకా ఎత్తుగా ఒక సన్నని నడక వంతెన. తుపాకీ పేల్చేవాడు కెప్టెనే కాబట్టి, తిమింగలం కనిపించగానే చుక్కాని దగ్గర నుంచి అతను నేరుగా పరుగెత్తడానికి ఆ ఏర్పాటు.

అయితే అక్కడ పనిచేసిన మనుషుల మీద నాకు కోపం రాలేదు. 1913 క్రిస్మస్‌కు ప్రారంభించిన చిన్న చెక్క చర్చి ఉంది, ఫుట్‌బాల్ మైదానం ఉంది, శ్మశానం ఉంది. నెలల తరబడి రక్తంలో, ఆవిరిలో, చలిలో పనిచేసిన కూలీల ఊరు అది. పర్యాటకుల్లో చాలామంది శ్మశానంలో అంటార్కిటికా అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ సమాధి దగ్గర ఫోటో దిగి ఓడ ఎక్కేస్తారు. 1916లో సహచరులను కాపాడడానికి ఇద్దరిని వెంటబెట్టుకొని ఈ పర్వతాలు దాటి స్ట్రామ్నెస్ చేరిన సాహసి ఆయన, 1922లో ఈ రేవులోనే ఓడ మీద కన్నుమూశాడు. తప్పక నమస్కరించవలసిన చోటే. కానీ ఉన్న సమయమంతా అక్కడే గడిపేస్తే యంత్రాలూ మ్యూజియమూ దక్కవు. మ్యూజియం పాత మేనేజరు ఇంట్లో ఉంది.

ఆ తుప్పు నడుమ ఇప్పుడు ఏనుగు సీళ్లు పడుకుంటున్నాయి. ఫర్ సీల్ పిల్లలు గొలుసుల మధ్య ఆడుకుంటూ, దగ్గరికి వెళ్తే పళ్లు చూపించి మీదికి వస్తాయి. టస్సాక్ గడ్డిలోంచి పిపిట్ పిట్ట పాట వినిపిస్తుంది. ఈ దీవిలో తప్ప లోకంలో మరెక్కడా లేని పిట్ట అది. ఓడల్లో వచ్చిన ఎలుకలు దాని గుడ్లను, పిల్లలను తినేసి, చాలా చోట్ల పిట్టే లేకుండా చేశాయి. 2011 నుంచి 2015 దాకా హెలికాప్టర్లతో దీవి అంతటా ఎలుకల మందు చల్లారు. 2018లో దీవిలో ఎలుకలు లేవని ప్రకటించారు. మాంసం కోసం 1911లో తెచ్చి వదిలిన రెయిన్‌డీర్ మందలను కూడా తొలగించారు. చంపడం ద్వారానే తొలగించారు, అది వినడానికి కష్టంగానే ఉంటుంది. పచ్చిక తిరిగి పెరగడం, పిట్టలు గూళ్లు కట్టుకోవడం చూశాక ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం.

తిమింగలాలు కూడా వస్తున్నాయి. బ్రెజిల్ తీరంలో పిల్లలను కని ఈ ప్రాంతానికి మేతకు వచ్చే హంప్‌బ్యాక్‌లు 1950ల నాటికి సుమారు 450కి పడిపోయాయి, ఇప్పుడు 25,000 దగ్గరికి చేరాయి. నీలి తిమింగలం దశాబ్దాల పాటు ఈ నీళ్లలో దాదాపు కనిపించనే లేదు, 2020 నాటి సర్వేలో మాత్రం 50కి పైగా సార్లు కనిపించింది. మేము ఓడ పైభాగంలో నిలబడి ఉండగా హంప్‌బ్యాక్ ఒకటి తోక ఎత్తి మునిగింది. పక్కనున్నవాళ్లు కేకలు వేశారు. ముందురోజు ఆ కుక్కర్లు చూసి ఉండకపోతే నేనూ కేకలు వేసేవాణ్ణేమో. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతా బాగుపడిపోయిందని మాత్రం చెప్పలేను. వాండరింగ్ ఆల్బట్రాస్‌ అనే పెద్ద సముద్రపు పక్షుల సంఖ్య తగ్గుతోంది, దూరపు సముద్రాల్లో చేపల కోసం వేసే పొడవాటి గాలపు తాళ్లకు చిక్కి చస్తున్నాయి. 2023లో బర్డ్ ఫ్లూ ఈ దీవికి చేరింది. 2022తో పోలిస్తే 2024లో పెద్ద తీరాల మీద పిల్లలను కనే ఏనుగు సీళ్లు దాదాపు సగానికి తగ్గాయి. అందుకే నియమాలు గట్టిగా ఉంటాయి. బూట్ల అరికాళ్లలో, జేబు మూలల్లో, వెల్‌క్రోలో గింజ గాని మట్టి గాని లేకుండా దువ్వి శుభ్రం చేయాలి, తనిఖీ చేస్తారు. ఒడ్డున కూర్చోకూడదు, సంచి కింద పెట్టకూడదు, ఆహారం తీసుకుపోకూడదు. విసుక్కోకుండా చేయండి. మీతో వచ్చేవాళ్లకు కూడా ముందే చెప్పండి.

నెల ఎంచుకోవడం మీ చేతిలో ఉంది. అక్టోబరు చివర, నవంబరులో వెళ్తే ఏనుగు సీళ్ల మగవి పోట్లాడుకోవడం చూస్తారు, కొండల మీద మంచు ఎక్కువ. డిసెంబరులో ఫర్ సీళ్లు తీరాలను ఆక్రమిస్తాయి, కొన్నిచోట్ల దిగడమే కుదరదు. జనవరి చివర నుంచి మార్చి వరకు ఫర్ సీల్ పిల్లలు, తిమింగలాలు బాగా కనిపిస్తాయి. రబ్బరు పడవలోంచి మోకాలి లోతు నీళ్లలోకి దిగవలసి వస్తుంది కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ఆ సంగతి ముందే ఆలోచించుకోండి.

లీత్, స్ట్రామ్నెస్, హుస్విక్ కేంద్రాల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ పీచు, గాలికి ఎగిరే రేకుల వల్ల దగ్గరికి వెళ్లనివ్వరు. పాత నూనె, ఆస్బెస్టాస్ తొలగించింది గ్రిట్వికెన్‌లోనే, లోపల తిరగడానికి వీలున్నదీ అదే. అందుకే బుక్ చేసేముందు ఓడ కంపెనీని రెండు సంగతులు అడగండి: సౌత్ జార్జియా దగ్గర ఎన్ని రోజులు ఉంటారు, గ్రిట్వికెన్‌లో ఒక పూట పూర్తిగా ఇస్తారా. మూడు రోజులకు తక్కువ చెప్తే, వాతావరణం ఒక రోజు మింగేస్తుంది కాబట్టి, వేరే ఓడ చూసుకోండి.