సోషల్ వర్క్ పీజీ కోసం అమ్మ బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. నాకు 24 ఏళ్లు. బీఏ అయ్యాక ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను. జీతం 16,000. ఎన్నాళ్లూ సర్వే ఫారాలు నింపడమే కాదు, కార్యక్రమాలను నడిపే స్థాయికి వెళ్లాలని ఉంది. ఇక్కడి యూనివర్సిటీలో ఎంఏ సోషియాలజీకి ఇంటి నుంచి వెళ్లొస్తే రెండేళ్లకు 80,000 అవుతుంది. ముంబయి, బెంగళూరుల్లో సేవా సంస్థల నిర్వహణ నేర్పే పీజీకి హాస్టల్‌తో కలిపి 5 లక్షలు కావాలి. ఎఫ్‌డీ 2 లక్షలుంది. 1,25,000 చీటీకి నెలకు 5,000 కడుతున్నాను, ఇంకా 9 నెలలుంది. మిగతా డబ్బుకు తన బంగారం కుదువ పెడతానంటోంది అమ్మ. నాన్నది వానాధారపు శనక్కాయ సేద్యం. ఏం చేయమంటారు?

జవాబు: బంగారం సంగతి ముందు తేల్చేద్దాం. దాన్ని ముట్టుకోకండి. మన జిల్లాలో ఆ నగలు ఏ పని చేస్తాయో మీకు చెప్పనక్కర్లేదు. విత్తనం వేళకు బ్యాంకుకు పోతాయి, పంట చేతికొస్తే ఇంటికొస్తాయి. వాన మొహం చాటేసిన ఏడు ఇల్లు గడిచేదీ వాటి మీదే. అవి రెండేళ్లు మీ చదువు కింద ఇరుక్కుపోతే, ఆ మధ్యలో ఒక్క పంట పోయినా నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి చెయ్యి చాచాలి. అంటే ఏడాదికి 24 శాతం. పైగా బంగారం అప్పుకు వడ్డీ మొదటి నెల నుంచే నడుస్తుంది, సాధారణంగా ఏడాదికల్లా తీర్చాలి, లేదా తిరగరాయించాలి. విద్యా రుణానికీ వడ్డీ నడుస్తుంది గానీ, కట్టే తీరు అలా కాదు. కోర్సు అయ్యాక మరో ఏడాది దాకా వాయిదా అడగరు.

ఇక చదువు. సోషియాలజీ ఎంఏ ప్రధానంగా బోధన, పరిశోధనల దారి. జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000 ఫెలోషిప్ వస్తుంది. సివిల్స్‌లో ఆప్షనల్‌గానూ పనికొస్తుంది. మీరు కోరుకుంటున్నది అది కాదు. సంస్థల బడ్జెట్లు, సిబ్బంది, నిధుల సేకరణ, ఫలితాల మదింపు నేర్పే కోర్సో, ఎంఎస్‌డబ్ల్యూనో (సోషల్ వర్క్ పీజీ) మీకు నప్పుతుంది. కంపెనీల చట్టం 2013 వచ్చాక పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాల్సి వచ్చింది. ఆ డబ్బును ఊళ్లలో సరిగ్గా ఖర్చు పెట్టించగలిగిన మనుషుల అవసరం అక్కడుంది. పల్లెల్లో తిరిగి పనిచేసిన మీ అనుభవం వాళ్లకు పనికొచ్చేదే.

అయితే ఒక ఖర్చు మీ లెక్కలో లేదు, మానేసే జీతం. నెలకు 16,000 చొప్పున 24 నెలలకు 3,84,000. ఎక్కడ చదివినా అది పోయేదే. కాబట్టి ఇంటి దగ్గర చదువు అసలు ఖరీదు 4,64,000, బయటిది 8,84,000. ఆ 4,20,000 తేడాకు మీకు దక్కేదేమిటి? మంచి ఫీల్డ్ వర్క్, క్యాంపస్ ఎంపికలు, పరిచయాలు. అవి నిజంగా ఉన్నాయా లేదా అని ఆ సంస్థను అడగండి. అందరికంటే ఎక్కువ జీతం ఎవరికొచ్చిందో కాదు, మధ్యస్థ జీతం ఎంతో, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో అడగండి.

అప్పును మొదటి జీతం బట్టి కొలవాలి, ఫీజు బట్టి కాదు. చేతికి 25,000 వస్తుందనుకుందాం. వాయిదా 5,000 దాటితే ఊపిరాడదు. 5 లక్షల అప్పు ఆరు నెలలకొకటి చొప్పున నాలుగు విడతల్లో తీసుకుంటే, 10 శాతం సాధారణ వడ్డీతో మూడేళ్లకు (కోర్సు రెండేళ్లు, ఆ పైన ఏడాది) అది 6,12,500 అవుతుంది. పదేళ్ల గడువుకు నెలకు సుమారు 8,100. జీతంలో మూడో వంతు దానికే పోతుంది. అదే 3 లక్షలైతే 3,67,500 అయి, వాయిదా 4,860 దగ్గర ఆగుతుంది. మీ హద్దు 3 లక్షలు.

అందుకే ఈ ఏడాది చేరకండి. ఇది మీకు నచ్చదని తెలుసు, అయినా చెప్పాల్సిందే. చీటీ పాట పాడకుండా చివరిదాకా ఆగితే కమీషన్ పోను 1,15,000 అయినా వస్తుంది. ఎఫ్‌డీతో కలిపి మూడు లక్షల పైమాట. అందులో లక్ష కదపకుండా ఉంచి, 2 లక్షలు చదువుకు పెట్టి, 3 లక్షలు అప్పు చేయండి. ఈలోగా ప్రవేశ పరీక్షలకు చదువుకోవచ్చు. ముంబయిలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) లాంటి చోట్ల సీటుకు జాతీయ స్థాయి సీయూఈటీ పీజీ, ఇక్కడి యూనివర్సిటీకి రాష్ట్ర స్థాయి ఏపీ పీజీసెట్, రెండూ రాయండి. బయట సీటు రాకపోతే బెంగపడొద్దు. ఇక్కడి శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ కూడా ఉంది, దానికి అప్పే అక్కర్లేదు.

సీటొచ్చిన సంస్థ కేంద్ర ప్రభుత్వ విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందేమో చూసుకోండి. ఉంటే హామీదారూ తాకట్టూ లేకుండానే రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపైతే కోర్సు కాలం, ఆ పైన ఏడాది 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. కానీ ఆ రాయితీ ఏటా లక్ష మందికే, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్లకు రాదు. దరఖాస్తు ఆన్‌లైన్ పోర్టల్‌లోనే పెట్టండి, నోటిమాటగా బ్యాంకులో అడిగి తిరిగి రాకండి. ఆదాయ ధ్రువపత్రం మాత్రం ముందే తీసి పెట్టుకోండి.