కాసేపటికే తగ్గిపోయింది, చూపించాలా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 63. బీపీ ఉంది. సాయంత్రం మాట్లాడుతుండగా ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చింది, కుడి చేతిలోని ఫోన్ జారిపోయింది. పావుగంటలో అంతా మామూలైంది. నీరసమేమో అనుకున్నాం. డాక్టరుకు చూపించాలా?

జవాబు: ఇంకా చూపించకపోతే ఇప్పుడే, ఈ పేజీ పక్కన పెట్టి ఆసుపత్రికి బయల్దేరండి. మీరు రాసినవి తాత్కాలిక పక్షవాతం లక్షణాలు. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డ దానంతటదే కరిగితే ఇలా వచ్చి పోతుంది. అసలు పక్షవాతం వచ్చే ముప్పు ఆ తర్వాతి 48 గంటల్లోనే అన్నిటికంటే ఎక్కువ. మెదడు స్కాన్, మెడ రక్తనాళాల పరీక్ష, ఈసీజీ చేస్తారు. గుండె లయ తప్పినా గడ్డలు పుడతాయి మరి.

మళ్లీ అనుమానం వస్తే నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతోందేమో చూడండి. కళ్లు మూసుకుని, అరచేతులు పైకి ఉండేలా రెండు చేతులూ 10 సెకన్లు చాచమనండి. బలం తగ్గిన చెయ్యి మెల్లగా లోపలికి తిరుగుతూ కిందికి జారుతుంది. ఒక చిన్న వాక్యం మీరు చెప్పి, తిరిగి చెప్పించండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా వెంటనే అంబులెన్స్‌ను పిలవండి. హఠాత్తుగా చూపు తగ్గినా, తూలిపోతున్నా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా అంతే. నొప్పి లేదు కదా అని ఆగకండి. గడ్డ వల్ల వచ్చే పక్షవాతంలో చాలాసార్లు నొప్పే ఉండదు.

గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే ఇవ్వాలి. ఆ లెక్క మీరు గమనించినప్పటి నుంచి కాదు, ఆయన చివరిసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి. రాత్రి 10కి బాగానే పడుకుని, ఉదయం 6కి చెయ్యి పడిపోయి లేస్తే లెక్క 10 నుంచే. ఆ టైము కాగితం మీద రాసుకెళ్లండి. సమయం దాటిందని మానేయొద్దు. పెద్ద నాళం మూసుకుపోతే, మెదడు ఇంకా కాపాడదగ్గ స్థితిలో ఉన్న కొందరికి 24 గంటల వరకూ గొట్టం ద్వారా గడ్డను బయటికి తీస్తారు. రాత్రింబవళ్లు సీటీ స్కాన్, ఈ ఇంజక్షన్ ఉండే ఆసుపత్రి దగ్గర్లో ఏదో ముందే కనుక్కుని పెట్టుకోండి.

ప్రశ్న: అంబులెన్స్ వచ్చేలోగా ఆస్పిరిన్ ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు. నాళం మూసుకుపోయిందో, చిట్లిందో స్కాన్ తీస్తేగానీ తెలియదు. చిట్లితే ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది. బీపీ మాత్ర అదనంగా వేయొద్దు. బీపీ ఒక్కసారిగా పడితే మెదడుకు అందే కాస్త రక్తమూ తగ్గుతుంది. నీళ్లు కూడా పట్టొద్దు, మింగే పట్టు తప్పి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. షుగర్ పడిపోయినా ఇవే లక్షణాలు కనిపించవచ్చు కాబట్టి, ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే చూసి ఆ అంకె సిబ్బందికి చెప్పండి. మందుల చీటీ వెంట ఉండాలి. రక్తం పలచబరిచే మందు వాడుతుంటే ఆఖరి మాత్ర ఎప్పుడు వేశారో తప్పక చెప్పండి. ఇంజక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేటప్పుడు డాక్టర్లు అది అడుగుతారు.