పాపని ఏ బడిలో వేయాలి? పెద్దమ్మ రాసిన ఉత్తరం

అమ్మడూ,

నువ్వు పంపిన మూడు బ్రోషర్లూ చూశాను. ఒకటి మాంటిసోరి అంటోంది, ఒకటి ఆటపాటల బడి అంటోంది, మూడోది మూడేళ్ళకే చదవడం, రాయడం వచ్చేస్తుందంటోంది. "ఏది మంచిది పెద్దమ్మా?" అని అడిగావు. రంగు కాగితం చూసి అది చెప్పడం నావల్ల కాదు. ఎన్నో ఏళ్ళు చిన్నపిల్లల క్లాసుల్లో గడిపినదాన్ని కాబట్టి ఎక్కడ చూడాలో, ఏం అడగాలో మాత్రం చెప్పగలను. క్లాసు నడుస్తుండగా వెళ్ళి చూస్తే తప్ప ఏ బడి సంగతీ తేలదు. అయితే వెళ్ళే ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది.

ముందు టైమింగ్స్ సంగతి తేల్చుకో. చాలామంది దీన్ని ఆఖరికి వదిలేస్తారు. బడి నచ్చి, డబ్బు కట్టేశాక, మధ్యాహ్నం పన్నెండింటికి పిల్లని ఎవరు తీసుకురావాలని తలలు పట్టుకుంటారు. నువ్వూ అల్లుడుగారూ కలిసి ఒక మామూలు మంగళవారం మీ ఇంట్లో ఎలా గడుస్తుందో కాగితం మీద రాయండి. పాప ఎన్నింటికి లేస్తుంది, మీరు ఎన్నింటికి బయల్దేరతారు, ఎన్నింటికి ఇల్లు చేరతారు, ఆఫీసులో ఆలస్యమైతే ఎవరు పరుగెత్తాలి. రోజుకు మూడు గంటల బడి అంటే వారానికి 15 గంటలు. రానూపోనూ ప్రయాణంతో కలిపి ఉద్యోగం 45 గంటలు తీసుకుంటుంటే, మిగిలిన 30 గంటలు పాప ఎవరి దగ్గర ఉంటుంది? దీనికి గట్టి జవాబు ఉంటే సగంపూట బడి హాయి. లేకపోతే అది ఎంత గొప్ప బడైనా మీకు పనికిరాదు.

సగంపూట వేస్తే చదువులో వెనకబడుతుందేమోనన్న బెంగ మాత్రం పెట్టుకోకు. 1962లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఇప్సిలాంటి అనే ఊళ్ళో పెర్రీ ప్రీస్కూల్ అని ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పేద కుటుంబాల పిల్లలు 123 మందిని తీసుకుని, కొందరిని బడిలో చేర్చి, మిగతావాళ్ళని చేర్చకుండా, వాళ్ళంతా నడివయసుకి వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. బడికెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది హైస్కూలు పూర్తిచేశారు, పెద్దయ్యాక సంపాదనలోనూ మెరుగ్గా ఉన్నారు. ఆ బడి నడిచింది రోజుకు రెండున్నర గంటలే! కాకపోతే ఐదారుగురు పిల్లలకు ఒక టీచర్ ఉండేవారు. పైగా టీచర్ వారానికోసారి ఇంటికొచ్చి తల్లితో, పిల్లతో గంటన్నర గడిపేవారు. ఆ పిల్లల పరిస్థితి వేరు, మన పాప పరిస్థితి వేరు కాబట్టి అవే ఫలితాలు వస్తాయని నేననను. ఎన్ని గంటలు ఉంచుతారన్నది మీ వీలుని బట్టి చూసుకోవాలి, పాప చదువు కోసం పెంచాల్సిన పనిలేదు.

మీకు రోజంతా ఉండే బడే కావాల్సి వస్తే, "మధ్యాహ్నం తర్వాత ఈ గది ఎవరి చేతిలో ఉంటుంది?" అని అడుగు. చాలాచోట్ల ట్రైనింగ్ ఉన్న టీచర్ భోజనాల వేళకి వెళ్ళిపోతారు. అక్కడినుంచి ఆయా, టీవీ. పొద్దున పదింటికి చూపించే బడి వేరు, సాయంత్రం నాలుగింటికి ఉండే బడి వేరు. నాలుగింటికి కూడా ఒకసారి వెళ్ళిరా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలేలా గడపాలి, అందులో ఒక గంటైనా బాగా పరుగులూ గెంతులూ ఉండాలి. స్క్రీన్ గంటకు మించకూడదు. పాప రోజులో ఎక్కువ భాగం బడిలోనే ఉంటే ఇవన్నీ అక్కడే జరగాలి కదా. బయట ఆడుకునే టైమ్ ఎంత, వాన పడితే ఏం చేస్తారు అని అడిగితే సంగతి తెలిసిపోతుంది.

నిద్ర కూడా ఇందులోకే వస్తుంది. ఈ వయసుకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పొద్దున ఆరింటికి లేపాల్సి వస్తే రాత్రి ఎనిమిదింటికల్లా పడుకోబెట్టగలరా? అల్లుడుగారు ఇంటికొచ్చేదే ఎనిమిదిన్నరకి అన్నావు మరి. మధ్యాహ్నం నిద్రపోని పిల్లల్ని ఏం చేస్తారో కనుక్కో. చీకటి గదిలో గంటన్నరసేపు కదలకుండా పడుకోమంటే ఆ పిల్లకి అది శిక్షే. ఓ మూల కూర్చుని బొమ్మల పుస్తకం తిరగేసుకోనిస్తారంటే, అక్కడ పిల్లల్ని ఎరిగినవాళ్ళున్నారని అర్థం.

వారానికి రెండ్రోజుల బడి, మూడ్రోజుల బడి కూడా ఉంటాయి. ఖర్చు తక్కువని వాటికేసి చూస్తున్నావేమో. నేను చూసినంతలో, రెండ్రోజులే వచ్చే పిల్లలు అలవాటు పడటానికి ఎక్కువ కాలం పడుతుంది. మధ్యలో వచ్చిన ఖాళీకి ప్రతిసారీ బడి మళ్ళీ కొత్తదైపోతుంది. రోజుకు కాసేపే అయినా వరసగా వెళ్ళేది నయం.

ఇక డబ్బు. నెల ఫీజు చూసి ఇది చవక, అది ఖరీదు అనుకోవద్దు. అడ్మిషన్, డిపాజిట్, బొమ్మలూ కాగితాలూ రంగుల ఖర్చు, యూనిఫాం, భోజనం, బండి, ఫంక్షన్లకి వేషాలు, ఆలస్యంగా తీసుకెళ్తే కట్టే జరిమానా, ఇవన్నీ ఏడాదికి ఎంతవుతాయో ఒకే కాగితం మీద రాసిమ్మని ఆఫీసులో అడుగు. ఇవ్వడానికి నసిగే బడి మీద నాకు నమ్మకం కుదరదు. సెలవు నెలలకి ఫీజు ఉందా, మధ్యలో మాన్పిస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, ఏటా ఫీజు ఎంత పెంచుతూ వస్తున్నారు అన్నవి కూడా అందులో ఉండాలి. తర్వాత ఆ మొత్తాన్ని ఏడాదిలో పాప నిజంగా బడిలో ఉండే గంటలతో భాగించు. అప్పుడు చూడు, చవకనుకున్నది ఎక్కడుంటుందో. సగంపూట బడికి మధ్యాహ్నం పిల్లని చూసుకునే మనిషి జీతం కలిపితే, రోజంతా ఉండే బడితో సమానమో, అంతకంటే ఎక్కువో అవడం మామూలే.

అందరూ మర్చిపోయే ఖర్చు ఇంకోటుంది. ఈ వయసు పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలు, కొత్తగా బడిలో చేరిన ఏడాది ఇంకా ఎక్కువే వస్తాయి. మందు వేయకుండానే జ్వరం లేకుండా 24 గంటలు గడిస్తే గానీ చాలా బడులు రానివ్వవు. రానివ్వకపోవడమే మంచిది కూడా. ఆ రోజులకి ఫీజు వెనక్కి రాదు, మీలో ఒకరికి సెలవు పోతుంది. ఎవరి సెలవు అన్నది జ్వరం వచ్చాక కాదు, ఇప్పుడే మాట్లాడుకోండి.

ఎంత ఫీజు వరకు వెళ్ళొచ్చని అడిగితే, నా మాట ఇది. ఏడాది తర్వాత కూడా టెన్షన్ పడకుండా కట్టగలిగినంతే. ఫీజు కట్టలేక మధ్యలో బడి మార్చడం కంటే, మొదటినుంచీ మామూలు బడిలో నిలకడగా ఉండటం పాపకి మేలు. ఎక్కువ ఫీజు తీసుకునేచోట ఆ డబ్బు దేనికి పోతోందో చూడు. టీచర్లకి మంచి జీతాలిచ్చి, తక్కువమంది పిల్లల్ని తీసుకుంటుంటే ఆ ఫీజుకి అర్థం ఉంది. పాలరాయికీ, ఏసీకీ, గేటు దగ్గర పెద్ద కార్టూన్ బొమ్మకీ పోతుంటే ఆ సొమ్ము మనది కాదనుకోవాల్సిందే.

ఇప్పుడు ఎలా నేర్పిస్తారన్న సంగతికి వద్దాం. మరియా మాంటిసోరి 1907లో రోమ్‌లో కార్మికుల పిల్లల కోసం మొదటి బడి తెరిచారు. పిల్లలు తమంతట తాము వస్తువుని ఎంచుకుని, చేత్తో పట్టుకుని పనిచేస్తూ నేర్చుకోవాలన్నది ఆవిడ పద్ధతి. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళు ఒకే గదిలో ఉంటారు, పొద్దున దాదాపు మూడు గంటలు ఎవరూ ఆపకుండా పనిచేసుకుంటారు. అయితే ఆవిడ పేరు బోర్డు మీద రాసుకోవడానికి చాలాచోట్ల ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే టైంటేబుల్ చూపించమను. అరగంటకో బెల్లు కొట్టి, పిల్లలందర్నీ ఒకేసారి ఒకే పనిలోకి మారుస్తుంటే అక్కడ మాంటిసోరి బోర్డు వరకే.

ఆ గదుల్లో కొయ్య దిమ్మెకి పది కన్నాలు, వాటిలో దిగే పది సిలిండర్లు ఉంటాయి. ఎవరైనా ఒక పిల్ల దాంతో కూర్చున్నప్పుడు పక్కనుంచి చూడు. పెద్ద కన్నంలో చిన్న సిలిండర్ వేసేస్తుంది. చివరికి చేతిలో ఒక్కటి మిగులుతుంది, ఉన్న కన్నంలో అది దిగదు. తిప్పి చూస్తుంది, గట్టిగా నొక్కుతుంది, తలెత్తి టీచర్ వైపు చూస్తుంది. నువ్వు అప్పుడు పిల్లని వదిలేసి టీచర్‌ని గమనించు. పరుగున వచ్చి "ఇది ఇక్కడ పెట్టాలమ్మా" అని పెట్టేస్తే పాఠం అక్కడితో అయిపోయింది. మంచి టీచర్ ఒక్క నవ్వు నవ్వి ఊరుకుంటారు. పిల్ల అన్నీ బయటికి తీసి మళ్ళీ మొదలుపెడుతుంది. తప్పు ఎక్కడుందో కొయ్యే చెబుతోంది మరి. అలా ఆగగలిగిన టీచర్ ఏ పద్ధతి బడిలో ఉన్నా నేను పిల్లని అక్కడ వేస్తాను.

ఆటపాటల బడి అన్నదాన్ని కూడా ఇలాగే చూడాలి. ఊరికే వదిలేయడం వేరు, ఆటలో నేర్పడం వేరు. పిల్లలు దుకాణం ఆట ఆడుతుంటే టీచర్ కూడా కూర్చుని "నాకు మూడు కావాలి, ఇవిగో రెండే ఉన్నాయే!" అంటున్నారా, గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్నారా?

మూడేళ్ళకే రాత నేర్పిస్తామన్న బడి మీద నీకు మోజుగా ఉన్నట్టుంది, పక్కింటివాళ్ళ అబ్బాయి పేరు రాస్తున్నాడని రెండుసార్లు రాశావు. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ళ పిల్లకి వాటిలో చాలావరకు ఇంకా గట్టిపడవు, మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపడం, కత్తెరతో కోయడం, ఇవే ఆ చేతికి తగిన పని. ఆ పని బాగా చేసిన చేతికి తర్వాత పెన్సిల్ తేలిగ్గా లొంగుతుంది. ఫిన్‌లాండ్‌లో పిల్లలు ఏడేళ్ళకి గానీ ఒకటో తరగతికి వెళ్ళరు, అక్కడివాళ్ళేం చదువురానివాళ్ళు కారు. కథలు ఎన్ని చెబుతారు, పాటలు ఎన్ని పాడతారు, పిల్ల మాట్లాడుతుంటే పూర్తిగా వింటారా అన్నది చూడు. మూడేళ్ళప్పుడు చదువంటే అదే. హోంవర్క్ ఇచ్చే ప్రీస్కూల్ అయితే లోపలికే వెళ్ళొద్దు.

బడికి వెళ్ళినప్పుడు గది వెనకాల ఒక గంట కూర్చుంటానని అడుగు. గోడలు చూస్తే కొంత తెలుస్తుంది. ఇరవై ఆపిల్ బొమ్మలూ ఒకే ఎరుపు, ఒకే ఆకారంలో అతికించి ఉంటే వాటిలో సగం టీచర్ చేసినవే. టీచర్ పిల్లలతో మాట్లాడేటప్పుడు కిందికి వంగుతున్నారా, నిలబడే అరుస్తున్నారా? ఏడుస్తున్న పిల్లని ఏం చేస్తున్నారు? "ఏడవకూడదు, మంచి పిల్లలు ఏడవరు" అనేచోట మన పాప ఇమడదు. "అమ్మ గుర్తొచ్చిందా? వస్తుంది, అన్నం తిన్నాక వస్తుంది" అని చెప్పి దగ్గర కూర్చోబెట్టుకునేచోట ఏడుపు తొందరగానే తగ్గుతుంది. పిల్లల్ని లెక్కపెట్టు, టీచర్లనీ లెక్కపెట్టు. చిన్నపిల్లల చదువు కోసం పనిచేసే అమెరికా జాతీయ సంఘం, ఎన్.ఎ.ఇ.వై.సి., చూసుకునే ఒక్కొక్కరికీ మూడేళ్ళ పిల్లలైతే తొమ్మిదిమంది, నాలుగేళ్ళ పిల్లలైతే పదిమంది మించకూడదంటుంది. పాతికమందిని ఒక్కరే చూసుకుంటున్నారంటే ఆవిడ ఎంత మంచిదైనా చేయగలిగేది కాపలాయే.

వచ్చేముందు రెండు ప్రశ్నలు అడుగు. మొదటిది, "పోయినేడు ఈ గదిలో ఉన్న టీచర్ ఇప్పుడెక్కడున్నారు?" ఏటా మనుషులు మారిపోతుంటే కారణం ఉంటుంది. పైగా పాప ఇప్పుడిప్పుడే ఒకరికి దగ్గరవుతుండగా వాళ్ళు వెళ్ళిపోతారు. రెండోది, "ఒక పిల్ల ఇంకో పిల్లని కొరికితే ఏం చేస్తారు?" ఈ వయసులో కొరకడం, గిల్లడం ఉండేవే. "మా దగ్గర అలాంటివి జరగవండీ" అన్నారంటే అబద్ధమైనా అయ్యుండాలి, చూసుకోకపోవడమైనా అయ్యుండాలి. కొరికించుకున్న పిల్లని ముందు ఓదార్చి, కొరికిన పిల్లకి మాటల్లో చెప్పడం నేర్పి, సాయంత్రం రెండిళ్ళకీ తెలియజేస్తామంటే ఆ బడికి మార్కులు వేసుకో.

తలుపు గడియలు, బాత్రూం శుభ్రత, పిల్లని ఎవరికి అప్పగిస్తారన్న రిజిస్టర్, ఇవి నువ్వెలాగూ చూస్తావు. డైపర్ మానకపోతే చేర్చుకోని బడులు కొన్ని ఉన్నాయి, ఫారం నింపేముందే అడుగు. ఇంటికి దగ్గరదీ, కాస్త దూరందీ దాదాపు ఒకేలా అనిపిస్తే దగ్గరదే తీసుకో. రోజూ ముప్పావుగంట బండిలో కూర్చోవడం మూడేళ్ళ పిల్లకి చిన్న విషయం కాదు.

చేర్చాక మొదటి వారం రోజుకు గంట, రెండు గంటలు ఉంచి మెల్లగా పెంచనిస్తారేమో అడుగు. నీ సెలవు ఆ వారానికి దాచుకో. పాప ఆటలో పడగానే చెప్పకుండా జారుకోవద్దు, మర్నాటినుంచి నిన్ను క్షణం వదలదు. వెళ్తున్నానని చెప్పు, ఎప్పుడొస్తావో పాపకి తెలిసే గుర్తుతో చెప్పు, వెంటనే వెళ్ళిపో. గుమ్మం దగ్గర నిలబడి నువ్వూ కళ్ళు తుడుచుకుంటుంటే పాపకి భయం పట్టుకుంటుంది.

ఆటపాటల బడివాళ్ళు గురువారం రమ్మన్నారన్నావు కదా. ఫీజుల కాగితం తీసుకుని ఫొటో పంపు, కలిపి లెక్క చూద్దాం. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ