మైక్రోవేవ్ తిప్పినా చీమలు చావకపోవడానికి కారణం

మైక్రోవేవ్ ఓవెన్‌లో చేరిన చీమలు, దాన్ని ఆన్ చేసి తిప్పినా చావలేదని ఓవెన్ పాడైందనుకుంటున్నారా? మీ ఓవెన్ పాడవలేదు. ఖాళీగా రెండు నిమిషాలు తిప్పినా చీమలు బతికాయంటే, అవి వేడి పుట్టించే మైక్రోవేవ్ తరంగాలు బలంగా లేని చోట ఉన్నాయి.

ఈ తరంగాల పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు. గోడలకు కొట్టుకుని వెనక్కి రావడంతో లోపల కొన్నిచోట్ల వేడి బాగా పుడుతుంది, కొన్నిచోట్ల దాదాపు పుట్టదు. ప్లేటు తిరిగేది కూడా అన్నం అంతా సమంగా వేడెక్కాలనే. చీమ వేడి తగలగానే పక్కకి జరుగుతుంది. పైగా అంత చిన్న ఒంట్లో పుట్టిన కాస్త వేడీ వెంటనే గాలిలోకి పోతుంది. లోహపు గోడను ఆనుకుని చాలాచోట్ల తరంగాల బలం తక్కువ, చీమలు నడిచేదీ అక్కడే.

ఇలా చేయండి:

1. ఇక ఖాళీగా తిప్పకండి. శక్తిని పీల్చుకోవడానికి లోపల ఏమీ లేకపోతే మాగ్నెట్రాన్ (తరంగాలను పుట్టించే భాగం) దెబ్బతినొచ్చు.
2. గిన్నెలో నీళ్లు, నిమ్మచెక్క పెట్టి మరగనిచ్చి, ప్లగ్ తీసి, లోపలంతా తుడవండి.
3. అందరూ వదిలేసేది ఇదే: గాజు ప్లేటు, దాని కింద చక్రాల రింగు రెండూ బయటికి తీయండి. రింగు తిరిగే గాడిలో చిందిన పాలు, పంచదార పాకం ఎండి గోధుమరంగు చారలా అంటుకుని ఉంటాయి. చీమలు వచ్చేది దానికోసమే. తడిగుడ్డతో నానబెట్టి గీకేయండి. పక్క గోడకున్న మైకా షీట్ (తరంగాలు లోపలికి వచ్చే చోటును కప్పే పల్చటి రేకు) మీద జిడ్డునూ మెల్లగా తుడవండి, గట్టిగా నొక్కితే విరుగుతుంది.
4. గాలి రంధ్రాల్లో స్ప్రే కొట్టొద్దు. వెనక మూత అసలే విప్పొద్దు, ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో (కరెంటును నిల్వ ఉంచే భాగం) ప్రాణాంతకమైన కరెంటు నిలిచి ఉండొచ్చు.