ఊపిరి తీస్తుంటే గడ్డ కదులుతుంది కదా, రేడియేషన్ గురి తప్పదా?

మీ నాన్నగారికి ఊపిరితిత్తి కింది భాగంలో గడ్డ ఉందని, రేడియేషన్ పెడతామన్నారని, ఊపిరికి అది కదిలిపోతుంటే గురి ఎలా కుదురుతుందని అడిగారు. నేను మెడికల్ ఫిజిసిస్టుని. డోసు లెక్కలు, ప్లానింగ్ నా పని. వైద్యం సంగతికి మాత్రం మీ డాక్టరుగారి మాటే వినండి.

కదలడం నిజమే. పైభాగంలోని గడ్డలు మామూలుగా కొద్ది మిల్లీమీటర్లే కదులుతాయి. డయాఫ్రమ్‌కి, అంటే ఊపిరితిత్తుల కింద ఉండి శ్వాసని నడిపే కండరానికి, దగ్గరగా ఉన్నవి కొందరిలో రెండు సెంటీమీటర్ల దాకా పైకీ కిందికీ పోతాయి. అందుకే 4డి సీటీ, అంటే శ్వాసతో వచ్చే కదలికని కూడా పట్టే సీటీ స్కాన్, తీస్తారు. పొట్ట మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టి, అది లేచి దిగడాన్ని కెమెరాతో పట్టి, దాన్నిబట్టి బొమ్మల్ని సాధారణంగా ఒక శ్వాసలోని పది దశలుగా విడదీస్తారు. ఆ పదింటిలో గడ్డ తిరిగిన చోటంతా కలిపి మేం హద్దు గీస్తాం. కదలిక 5 మిల్లీమీటర్లు దాటితే దాన్ని అదుపు చేసే పద్ధతి చూడాలని అమెరికాలోని మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2006లోనే చెప్పింది. ఊపిరి బిగబట్టించడం, పొట్ట మీద పలకతో మెల్లగా నొక్కి ఉంచడం, గడ్డ సరైన చోటికి వచ్చినప్పుడే బీమ్ (రేడియేషన్ కిరణాలు) వదలడం లాంటివి.

చిక్కంతా ఎక్కడంటే, ఈ స్కాన్ అన్ని శ్వాసలూ ఒకేలా ఉంటాయనుకుని బొమ్మని కుడుతుంది. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక పెద్దాయన వచ్చాడు, నలభై ఏళ్ళు బీడీ తాగిన మనిషి. స్పీకర్లో ‘బ్రీత్ ఇన్, బ్రీత్ అవుట్’ అని రికార్డు వేశారు. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. భయంతో ఒకసారి గట్టిగా పీల్చాడు, ఒకసారి బిగబట్టాడు, మధ్యలో దగ్గు. బొమ్మలో డయాఫ్రమ్ మెట్లు మెట్లుగా తేలింది, ఉన్న ఒక్క గడ్డా రెండు ముక్కలైంది. నాకు ఒకటే టెన్షన్. మా సీనియర్ టెక్నీషియన్ రికార్డు ఆపేసి, ‘తాతా, ఇంట్లో నులకమంచం మీద పడుకున్నట్టే ఉండు, ఊపిరి సంగతి మర్చిపో’ అన్నాడు. పావుగంట ఆగి మళ్ళీ తీస్తే గడ్డ ఒక్కటే.

కంప్యూటర్ మోడల్ అక్కరకొచ్చేది ఇక్కడే. కొలిమి తిత్తిలా ఉబ్బి అణుగుతుందనుకుంటాం కానీ, ఊపిరితిత్తిలో చాలా చోట్ల పీల్చేటప్పుడు కదిలే దారి వేరు, వదిలేటప్పుడు తిరిగొచ్చే దారి వేరు. లోపల ఉన్న గాలి అంతే అయినా గడ్డ ఉన్న చోటు మారొచ్చు. 2005లో అమెరికాలో డేనియల్ లో (ఇంటిపేరే ‘లో’), ఆయన సహచరులు ఒక మోడల్ తెచ్చారు. అందులో ప్రతి బిందువు ఎక్కడ ఉంటుందన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: ఆ క్షణాన లోపల ఎంత గాలి ఉంది, అది ఎంత వేగంగా వస్తోంది లేదా పోతోంది. బిందువు చోటుకి మూడు కొలతలు, గాలి పరిమాణం, వేగం కలిపి ఐదు. అందుకే 5డి అంటారు. శ్వాసలు ఎగుడుదిగుడుగా ఉన్నా లెక్క అందుతుందన్నది దీని గొప్ప. మా దగ్గర రోజువారీ పనికి ఇప్పటికీ 4డి సీటీయే.

ఇంకో వాడకం నాకు మరీ నచ్చుతుంది. పీల్చినప్పటి బొమ్మనీ వదిలినప్పటి బొమ్మనీ కంప్యూటర్లో బిందువు బిందువుకీ జతకలిపితే ఏ భాగం ఎంత ఉబ్బిందో తేలుతుంది, అంటే గాలి బాగా ఆడే భాగాలేవో ఒక అంచనా వస్తుంది. బీములు వాటిని వీలైనంత తప్పించుకుని వెళ్ళేలా ప్లాన్ చేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

నాన్నగారి విషయానికొస్తే, 4డి సీటీ తీస్తున్నారా, గడ్డ ఎంత కదులుతోంది, రోజూ బీమ్ పెట్టే ముందు స్కాన్ తీసి సరిచూస్తారా అని అడగండి. దగ్గు ఎక్కువగా ఉంటే స్కాన్‌కి ముందే చెప్పండి, మందు ఇస్తారు. సూచనలు తెలుగులో చెప్పమనండి. వాళ్ళు అడిగితే తప్ప బాగా పీల్చాలని ఆయన్ని ప్రయత్నించనివ్వకండి.