తీరని మొక్కు తర్వాత దేవుడికి దండం పెట్టలేదు... నాలో లోపం ఉందా?

ప్రశ్న: మాది సిరిసిల్ల దగ్గర పల్లెటూరు. వయసు 41. నా చిన్నప్పుడు ఊళ్లోకి పగలు పోలీసులు, రాత్రి అన్నలు (నక్సలైట్లు) వచ్చేవారు. మా పెద్దన్న దళంలోకి వెళ్లిపోయాడు. క్షేమంగా ఇల్లు చేరితే కోడె కడతానని అమ్మ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. 1997లో అన్న ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. నాకప్పుడు పదమూడేళ్లు. అయినా అమ్మ వెళ్లి కోడె కట్టింది. తాడు నా చేతికిచ్చి గుడి చుట్టూ తిప్పించింది. ఆ రోజు నుంచి నేను దేవుడికి దండం పెట్టలేదు. కొన్నేళ్లు అన్నల మాటలే నమ్మాను. మా ఊరాయన ఒకరిని ఇన్‌ఫార్మర్ అని చంపేశాక అదీ పోయింది. ఇప్పుడు మా బాబుకి మూడో ఏడు. రాజన్న దగ్గరే పుట్టు వెంట్రుకలు తీయించాలని అమ్మ, నా భార్య పట్టుబడుతున్నారు. నా భార్యది ఏలూరు. నాది పొగరంటుంది. రోజూ గొడవే. రాత్రి ఇంటి ముందు జీపు ఆగితే ఇప్పటికీ ఉలిక్కిపడి లేచి కూర్చుంటాను. నాలో ఏదైనా లోపం ఉందా?

జవాబు: దేవుడి మీద నమ్మకం పోవడం జబ్బు కాదు, లోపం అంతకన్నా కాదు. దానికి మందు వెతుక్కోవాల్సిన పని లేదు. కానీ మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి నమ్మకం, రెండోది అన్న చావు. గొడవ మొదటిదాని పేరుతో జరుగుతోంది, నొప్పి మాత్రం రెండోదానిదని నాకనిపిస్తోంది.

సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది 1978లో. అంటే మీరు పుట్టేనాటికే మీ ఊరు ఆ నీడలో ఉంది. 1992లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్‌పై నిషేధం వచ్చింది. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య శాంతి చర్చలు జరిగాయి, కొన్ని నెలలకే అవీ చెదిరిపోయాయి. మీ బాల్యం, పడుచుదనం మొత్తం ఇందులోనే గడిచింది. ఏలూరులో పెరిగిన అమ్మాయికి ఇదంతా పేపర్లో చదివిన వార్త. ఇంట్లో వండిన అన్నం ఎవరికి పెట్టినా రెండోవాళ్లు వచ్చి నిలదీస్తారన్న భయం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పకపోతే ఆమెకెలా తెలుస్తుంది? మీరు చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆమె చూస్తున్నది గుడి గుమ్మం దగ్గర బిగుసుకుపోయే భర్తను మాత్రమే. అందుకే పొగరు అనుకుంటోంది.

ఒకే చావు మీ అమ్మను గుడికి దగ్గర చేసింది, మిమ్మల్ని దూరం చేసింది. ఇది చాలా ఇళ్లలో కనిపించేదే. సియెర్రా లియోన్, ఉగాండా, తజికిస్థాన్‌లలో అంతర్యుద్ధాలు చూసినవారిపై చేసిన ఒక పరిశోధన 2019లో వెలువడింది. యుద్ధం ఎంత దగ్గరగా తాకితే, మత సంఘాల్లో చేరడం, ప్రార్థనలకు వెళ్లడం అంత పెరిగినట్టు అందులో తేలింది. మీ అమ్మ ఆ దారిన వెళ్లింది. మీరు వేరే దారి పట్టారు. ఇద్దరూ కోల్పోయింది ఒకే మనిషిని.

కొడుకు తిరిగి రాకపోయినా ఆమె కోడె ఎందుకు కట్టింది? ఇన్నేళ్లలో ఎప్పుడైనా అడిగారా? నిలదీసినట్టు కాకుండా, పక్కన కూర్చుని అడగండి. ఆ జవాబు నేను ఊహించి చెప్పడం తప్పవుతుంది, ఆమె నోటితోనే వినాలి. ఆ తాడు పట్టుకుని తిరుగుతుంటే మీకేమనిపించిందో కూడా చెప్పండి. పదమూడేళ్ల పిల్లాడి చేతికి అది ఇవ్వడం చాలా బరువైన పని, ఆ బాధలో ఆమెకది తట్టి ఉండదు.

ఇక పుట్టు వెంట్రుకల సంగతి. బాబును ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సింది మేనమామ. మీకు బావమరిది ఉంటే ఆ పని ఆయనదే. మీరు వెళ్లండి, బాబు ఏడిస్తే ఎత్తుకోండి, బయట కూర్చోండి. దండం పెట్టమని ఎవరూ బలవంతం చేయకూడదని, కోడె తాడు మాత్రం మీ చేతికి ఇవ్వొద్దని ముందే ఇంట్లో చెప్పండి. అసలు వెళ్లలేననిపిస్తే అదీ చెప్పండి, వాళ్లను మాత్రం ఆపకండి. ఆ నమ్మకం మీ అమ్మది, మీ భార్యది. రేపు బాబు అడిగితే మీరెందుకు దండం పెట్టరో వాడి వయసుకు తగ్గట్టు చెప్పొచ్చు.

నాకు ఎక్కువ దిగులనిపించింది జీపు శబ్దం గురించి. ఇన్నేళ్ల తర్వాత కూడా శరీరం ఉలిక్కిపడుతుంటే అది పీటీఎస్‌డీ (పెద్ద భయం, దెబ్బ తర్వాత మనసులో మిగిలిపోయే ఒత్తిడి సమస్య) కావచ్చు. సైకియాట్రిస్టు దగ్గరో, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరో తప్పకుండా చూపించుకోండి. దీనికి ట్రామా ఫోకస్డ్ సీబీటీ, ఈఎండీఆర్ లాంటి మానసిక చికిత్స పద్ధతులున్నాయి, బాగా పనిచేస్తాయి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు మీ భార్యను కూడా తీసుకెళ్లండి. ఇంట్లో నోరు పెగలని మాటలు అక్కడ డాక్టరు అడుగుతుంటే చెప్పగలుగుతారు, ఆమె కూడా వింటుంది.